దాపటి కర్ర

గోల్ఫు నేను ఇష్టపడి ఆడిన ఆట కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. మా ఊళ్ళో ఎవరైనా పొద్దున్నే కర్ర పట్టుకుని పొలంలోకి వెళ్ళారంటే పామునో పందినో తరమడానికని అర్థం. చిన్న తెల్లబంతిని కొట్టి, దాని వెనకాల నడిచి, మళ్ళీ కొట్టి, చివరికి ఒక చిల్లులో పడేసి, పడేసినదాన్ని మళ్ళీ చేత్తో బయటికి తీసే పనికి ముప్పై రెండేళ్ళ వయసులో దిగానంటే అది కేవలం ఉద్యోగం కోసం.

అరవైల చివర. విజయనగరానికి కొంచెం దూరంలో ఒక గోనె మిల్లు. అక్కడ తొమ్మిదేళ్ళు గుమస్తాగా ఉన్నాను. రైతులు తెచ్చిన గోగునారని ఒక్క పోచ లాగి చూసి ఏ రకమో చెప్పగలిగేవాణ్ణి. అది పుస్తకాల్లో నేర్చుకున్న విద్య కాదు. గజపతినగరం దగ్గర మా పొలంలో గోగు కోసి, నీళ్ళలో నానబెట్టి, నార ఒలిచిన చేతులు నావి. అది చూసి నన్ను నార సెక్షనుకి అసిస్టెంటుని చేశారు. అయితే ఆరు నెలలు పరీక్ష. ఆ తర్వాత మేనేజరు మంచిమాట రాస్తే ఖాయం, రాయకపోతే మళ్ళీ గుమస్తా బల్ల.

బల్ల సంగతి సరే, ఇల్లు కూడా పోతుంది. ఆఫీసర్ల వరసలో మాకిచ్చిన క్వార్టరుకి రెండు గదులు, పెరట్లో కుళాయి. అంతకుముందు గుమస్తాల వరసలో ఒకే గది, ఇరవై ఇళ్ళకి ఒక కుళాయి. మోకాళ్ళ నెప్పులతో మా అమ్మ అక్కణ్ణించి బిందె మోసుకుంటూ రావడం తొమ్మిదేళ్ళు చూశాను. కొత్త ఇంట్లో చేరిన మొదటి వారం అమ్మ పనేమీ లేకపోయినా కుళాయి తిప్పి, నీళ్ళు పడగానే కట్టేసి, లోపలికి వచ్చి కూర్చునేది. ఆ కుళాయి పోగొట్టుకుంటే అమ్మ మొహం ఎలా చూడాలన్నదే నా బెంగ.

మేనేజరు కలకత్తాలో పనిచేసి వచ్చినవాడు, ఇంగ్లీషులో తప్ప మాట్లాడడు. మిల్లు వెనకాల చంపావతి ఒడ్డు దాకా ఉన్న మెరక నేలలో పాతకాలపు దొరలు వేసుకున్న గోల్ఫు మైదానం ఉండేది. మొత్తం ఆరు చిల్లులు. గడ్డి పేరుకే. చిల్లుల చుట్టూ నూనె కలిపిన ఇసుక. ఆదివారం ఏడు గంటలకల్లా అక్కడ నలుగురు ఉండాలి. మేనేజరు, మిల్లు డాక్టరు, ఇంజినీరు, నాలుగోవాడు నార సెక్షను అసిస్టెంటు. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన ఆడేవాడట. కుర్చీతో పాటు ఆటా నా నెత్తిన పడింది. రాను అందామంటే నన్నెవరూ అడగలేదు. శనివారం సాయంత్రం చీటీ మీద నా పేరు రాసి పంపేవారంతే.

నాలుగో చిల్లు ముందు ఒక గొయ్యి. వాళ్ళు బంకరు అనేవారు, నాకు మాత్రం గొయ్యే. నడుంలోతు, అడుగున ఏటి ఇసుక. నా బంతి ప్రతివారం మొగుడింటికి వెళ్ళినంత పద్ధతిగా వెళ్ళి అందులో కూర్చునేది. మేనేజరు నాకు మూడు పాత కర్రలిచ్చాడు. దూరం కొట్టడానికి ఒకటి, మధ్యరకం ఇనపది ఒకటి, చిల్లులోకి తోయడానికి ఒకటి. ఇసుకలోంచి బంతిని లేపడానికి మాత్రం వేరే కర్ర కావాలి. దాన్ని వెడ్జి అంటారు. ముఖం వెనక్కి వాలి, అడుగు వెడల్పుగా, తల బరువుగా ఉంటుంది. అది లేనివాడు గోతిలో దిగితే ఇసుక తవ్వుకోవడమే. నేను తవ్వాను. పదిసార్లు, పన్నెండుసార్లు. ఇసుక కళ్ళలో, చొక్కాలో, నోట్లో. బంతి గట్టుదాకా దొర్లి మళ్ళీ నా కాళ్ళ దగ్గరికే వచ్చేది. పైన ముగ్గురూ నిలబడి చూసేవారు. నవ్వినా బాగుండును. మేనేజరు గడియారం చూసుకునేవాడు. ఎక్కి పారిపోదామంటే లేదు, బంతి రాకుండా నేను పైకి రాకూడదు. ఆ గోతిలో నిలబడి ఉద్యోగాన్నీ, ఆటనీ, నన్నూ కలిపి తిట్టుకునేవాణ్ణి.

ఒక ఆదివారం పదమూడో దెబ్బ తర్వాత మేనేజరు, "గోతిలోంచి బంతి తీయలేనివాడు సెక్షను ఎలా నడుపుతాడో నాకు అర్థం కావడం లేదు" అని నాకు వినపడేలా డాక్టరుతో అన్నాడు. తర్వాత నాకేసి తిరిగి, "ఒక వెడ్జి కొనుక్కో. వచ్చే నెల నీ రిపోర్టు రాయాలి" అన్నాడు. రెండు మాటలకీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు.

ఇంజినీరు దగ్గర కలకత్తా దుకాణం వాళ్ళ బొమ్మల పుస్తకం ఉంటే అడిగి చూశాను. కొత్త వెడ్జి ధర ఇంచుమించు నా నెల జీతమంత ఉంది. ఇంట్లో ఉన్నదల్లా మా ఆవిడ కిరసనాయిలు స్టవ్వుకని దాచుకున్న డబ్బు. కట్టెల పొగకి ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

విషయం చెప్తే ఆమె పొయ్యి ఊదుతూనే అడిగింది. "ఆ కర్ర అన్నం ఒండుతాదేటి?"

"ఉద్యోగం నిలబెడుతుంది" అన్నాను.

"అయితే అట్టుకెళ్ళండి. కళ్ళదేటుంది, అలవాటయిపోనాయి" అని ముడుపు తెచ్చి చేతిలో పెట్టింది. ఆ మాట బదులు నాలుగు తిట్టుంటే నాకు సుఖంగా ఉండేది.

ఆ డబ్బుకి కొత్తది రాదు కాబట్టి పాతది వెతకాలి. వాల్తేరులో రేవు ఆఫీసరొకాయన బొంబాయి బదిలీ అయి సామానంతా అమ్మేస్తున్నాడని ఇంజినీరు చెప్పాడు. ఒంటరిగా వెళ్ళడానికి ధైర్యం చాలక మా ఆవిడ అన్నని వెంటబెట్టుకున్నాను. మా బావది సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చే పని. పది ఊళ్ళ ఎద్దుల గుణగణాలు ఆయన నోటికి వచ్చు. గోల్ఫు కర్ర అంటే ఏమిటో మాత్రం రైల్లోనే మొదటిసారి విన్నాడు. విని ఏమాత్రం కంగారు పడలేదు.

"కొత్తది కొనీవోడికి బుద్ది నేదు బావా. నాలుగు పంటలు దున్నినదైతే దాని గుణం పైకే తెలిసిపోద్ది. నువ్వు మాటాడకు, నాను సూస్తాను గదా" అన్నాడు.

బంగళా వరండాలో మంచాలు, జాలీ బీరువా, పింగాణీ కంచాలు పరిచి ఉన్నాయి. అమ్ముతున్నది ఆ ఇంటి వంటమనిషి. వెడ్జిలు రెండున్నాయి. ఒకటి తోలు పిడితో నిగనిగలాడుతోంది, దాని ధర మా ముడుపుకి రెండింతలు. రెండోది గొడుగుల మధ్య మూలకి నిలబెట్టి ఉంది. ముఖం మీద తుప్పు, పిడి మీద తోలు సగం ఊడింది. బావ దాన్ని తీసి, ఒక కన్ను మూసి పొడుగునా చూశాడు. తలని పట్టి కదిపాడు. చెవి దగ్గర ఆడించి విన్నాడు.

"కాలు వంకర నేదు. తల గట్టిగున్నాది. తోలుదేటి, మీ మిల్లు పురితాడు సుట్టుకుంటే సరి" అని నా చేతికిచ్చాడు.

వరండా అంచున ఒక గులకరాయి ఉంది. దాని ముందు నిలబడి కర్ర ఊపి చూశాను. మేనేజరు ఇచ్చిన కర్రలు పట్టుకున్నప్పుడల్లా ఎవరి చెప్పులో వేసుకున్నట్టుండేది. ఇది అలా లేదు. తల తిన్నగా రాయి వెనకాలకి వెళ్ళి ఆగింది. రెండోసారి ఊపాను, మూడోసారి ఊపాను. ఆరు నెలల పరీక్ష మొదలైనప్పటినుంచి అంత హాయిగా నేను ఏదీ పట్టుకోలేదు.

"ఇదే" అన్నాను బావతో.

"అమ్మకానికెట్టినకాణ్ణించి ఆ కర్రని ఎవులూ ముట్టనేదు బాబూ. మీ సేతికి బాగా ఒదిగినాది" అన్నాడు వంటమనిషి. అందులో ఒక్క అబద్ధం కూడా లేదని తర్వాత తెలిసింది.

ఆ మాటతీరు వినగానే బావ మొహం విప్పారింది. "ఏ ఊరు బాబూ మీది?"

"కోటబొమ్మాళి."

అది బావ సంతలకి తిరిగే వైపే. ఇక బావ భుజం మీది తువ్వాలు తీసి తన చేతిమీద కప్పాడు. వంటమనిషి కూడా మరేమీ మాట్లాడకుండా దాని కిందికి చెయ్యి పెట్టాడు. సంతలో ఎద్దు బేరం అలాగే చేస్తారు. పైకి ఒక్క మాట ఉండదు, తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి ధర చెప్పుకుంటారు. ఇద్దరూ చెరోవైపు ఆకాశం చూస్తున్నారు. నా ఉద్యోగం, మా అమ్మ కుళాయి, మా ఆవిడ స్టవ్వు అన్నీ ఆ తువ్వాలు కింద ఉన్నాయి. నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి తువ్వాలు తీశారు. ముడుపులో కొంచెం మిగిలింది కూడా.

ఊడిన తోలు పీకేసి పిడికి సన్నటి గోగుపురి బిగించి చుట్టాను. ఆదివారం ఆ కర్రతో మైదానానికి వెళ్ళినప్పుడు జీవితంలో మొదటిసారి ఆ గొయ్యి కోసం ఎదురుచూశాను. బంతి యథాప్రకారం వెళ్ళి అందులో పడింది. నేను కర్ర తీశాను.

ఇంజినీరు గోదావరి వైపు మనిషి, నవ్వొస్తే ఆపుకోలేడు. "ఇదేంటండీ బాబూ! ఎడంచేతివాటం వాళ్ళ కర్ర కొన్నారు! దీన్ని ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరండీ!"

నేను కర్రకేసి చూశాను. కుడిచేత్తో ఆడేలా పట్టుకుంటే దాని వీపు బంతికేసి ఉంది. వరండాలో నా చేతులు ఎప్పుడు తారుమారయ్యాయో నాకే తెలియలేదు. మేనేజరు కర్ర తీసుకుని అటూ ఇటూ తిప్పి, నవ్వకుండా నాకే తిరిగిచ్చాడు. "కొన్నావు కదా, దీంతోనే ఆడు. ఇంకా మూడు వారాలుంది" అన్నాడు. ఆరోజు ఆ కర్ర వీపుతో పధ్నాలుగుసార్లు ఇసుక కొట్టాను. చివరికి బంతిని చేత్తో తీసి పైకి విసిరేస్తే మేనేజరు గడియారం కూడా చూసుకోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంకొకటి కొనడానికి డబ్బు లేదు. తిరిగిచ్చేద్దామంటే బంగళా ఖాళీ అయిపోయింది. ఇంటికొచ్చి కుళాయి కింద తల పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఆ వారంలో బావ వచ్చాడు. వచ్చీ రాగానే మీద పడ్డాను. "ఇరవై ఏళ్ళు బేరాలు చేశావు, ఎడమో కుడో తెలీదా నీకు?"

బావ కర్ర తీసుకుని నేలకానించి, ఒకవైపు పట్టి చూశాడు, రెండోవైపు పట్టి చూశాడు. మొహం వాడిపోయింది.

"ఇది దాపటిది బావా" అన్నాడు నెమ్మదిగా.

మా వైపు కాడికి ఎడమపక్క కట్టే ఎద్దుని దాపటిది అంటారు, కుడిపక్కదాన్ని ఎలపటిది అంటారు. చిన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే ఎద్దు బతికినంతకాలం ఆ పక్కే నడుస్తుంది.

"దాపటెద్దుని ఎలపట కడితే నడవదు. పక్కకి లాగీస్తాది. దాన్ని కొట్టి ఏటి లాబం, తప్పు కట్టినోడిది గదా" అని బావ నాకేసి చూశాడు. "గానీ బావా, ఆ వరండాలో నువ్వు తిన్నగానే పట్టుకున్నావు. నాను సూసినాను. నీ ఎడం సెయ్యే ముందుకెల్లినాది."

గుమ్మం దగ్గర మా అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఆ మాటకి అమ్మ చెయ్యి ఆగిపోయింది.

నేను మర్చిపోయిన సంగతి అమ్మ మర్చిపోలేదు. పుట్టుకతో నాది ఎడంచేతివాటం. మా చిన్నాన్నదీ అంతే. ఒక ఏడు ఆయన ఎడంచేత్తో విత్తనం చల్లాడు. ఆ ఏడు వానల్లేక ఎవరి పొలమూ సరిగ్గా మొలవలేదు, అయినా ఊరంతా ఆయన చేతిని తప్పుపట్టింది. ఆ తర్వాత విత్తనాల వేళ ఆయన్ని గట్టు మీదికి కూడా రానివ్వలేదు. ఆయన ఊరొదిలి రేవులో కూలికి పోయాడు, మళ్ళీ రాలేదు. అందుకని నేను అన్నానికి ఎడంచెయ్యి చాచిన నాటినుంచి అమ్మ పాత చీర అంచు చింపి నా మణికట్టుని మొలతాడుకి కట్టేసేది. అన్నం తింటున్నప్పుడు కట్టు, పలక పట్టినప్పుడు కట్టు. రెండేళ్ళు కట్టిందట. ఏడ్చి ఏడ్చి కుడిచేతికి అలవాటు పడ్డాను. పడ్డాక, అదే నా చెయ్యనుకున్నాను.

మర్నాటినుంచి మిల్లు కూత వెయ్యకముందే లేచి చంపావతి ఇసుకలోకి వెళ్ళాను. ఎండాకాలం, ఏటినిండా ఇసుకే. ఎడంచెయ్యి కిందికి వచ్చేలా పట్టుకుని కొట్టాను. నాలుగో దెబ్బకి బంతి లేచింది. ఇసుకతో పాటు మెత్తగా పైకి లేచి అల్లంత దూరాన పడింది. సంతోషించాల్సింది పోయి, దొంగతనం చేసినవాడిలా చుట్టూ చూశాను. తర్వాత మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేచింది. చెయ్యి దానంతట అది వెళ్తోంది, నేను చెప్పాల్సిన పనే లేదు. ఇన్నేళ్ళుగా ఇది నా ఒంటికే వేలాడుతూ ఉందా అనుకుంటే నాకు ఏడుపొచ్చింది.

నాలుగో రోజు, అంట్లు తోమే ఇసుక కోసం గంప పట్టుకుని అమ్మ ఏటికి వచ్చింది. నేను కర్ర ఎడంవైపుకి ఎత్తి ఉన్నాను. అమ్మని చూడగానే కర్ర వదిలేసి ఎడంచెయ్యి వెనక్కి దాచుకున్నాను. ముప్పై రెండేళ్ళవాణ్ణి, ఆఫీసర్ల వరసలో కాపురముంటున్నవాణ్ణి. అమ్మ కాసేపు నిలబడి చూసింది. గంపలో ఇసుక ఎత్తుకుని వెళ్ళిపోయింది.

రిపోర్టు ముందు వచ్చిన ఆఖరి ఆదివారం నా బంతి అలవాటు ప్రకారం గోతిలో పడింది. దిగాను. మిగతా కర్రలన్నీ కుడిచేత్తో ఆడినవాణ్ణి అక్కడ మాత్రం పక్క మార్చి నిలబడ్డాను. ఇంజినీరు నవ్వబోయి ఊరుకున్నాడు. ఒక్క దెబ్బ. ఇసుక లేచింది, బంతి గట్టు దాటి చిల్లు దగ్గర పడింది. పైనుంచి మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"ఇన్నాళ్ళూ ఈ చెయ్యి ఎక్కడ దాచావయ్యా?" అన్నాడు.

నేను నవ్వి, కర్రకంటిన ఇసుక దులుపుకుని గట్టెక్కాను.

వారం తిరక్కుండా నా ఉద్యోగం ఖాయమైంది. ఖాయం చేసిన కాగితం మీద నా సంతకం తీసుకుంటూ మేనేజరు ఇక ఏ ఆదివారమూ మానకూడదన్నాడు. అంటే ఒక బోనుకి తలుపు తీసి పక్క బోనులోకి తోలాడు. అయినా ఇల్లు నిలిచింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ముందు కళ్ళు తుడుచుకుని, స్టవ్వు ఎప్పుడు కొందామని అప్పుడు అడిగింది. అమ్మ పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, కట్టేసి వచ్చింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సంతకం ఏ సేత్తో ఎట్టినావురా?"

"కుడిచేత్తోనే అమ్మా."

అమ్మ గూట్లోంచి ముగ్గులు గీసే సుద్దముక్క తెచ్చి నా ఎడంచేతిలో పెట్టింది. "దీంతో రాయి నాయినా, సూస్తాను."

అమ్మకి చదువు రాదు. నేను నేలమీదికి వంగి నా పేరు రాయబోయాను. మొదటి అక్షరం వంకర తిరిగి పడిపోయింది. రెండోది అసలు రాలేదు. ఎన్నిసార్లు దిద్దినా అదే. బంతిని అంత తేలిగ్గా లేపిన చెయ్యి, నాలుగేళ్ళ పిల్లాడి చెయ్యిలా అక్కడక్కడే తిరిగింది. చదువు రాకపోయినా అమ్మకి అర్థమైంది. నా మణికట్టు పట్టుకుని, అప్పట్లో కట్టు వేసిన చోట బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది.

"సిన్నాన్నలాగ నువ్వూ ఎల్లిపోతావని బయపడినానురా. నా సేతులతో నానే కట్టీసినాను" అంది.

ఫరవాలేదమ్మా అనాలి. అనలేకపోయాను. ఫరవాలేదని నాకు అనిపించలేదు.

ఆ మిల్లులో ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను, ఏ ఆదివారమూ మానలేదు. ఆట మెరుగుపడింది. బంతిని కావలసిన చోటికి కొట్టడం వచ్చింది. అయినా నాలుగో చిల్లు దగ్గర మాత్రం నా బంతి ఎప్పుడూ వెళ్ళి ఆ గోతిలోనే పడేది. ఇన్నేళ్ళయినా దాన్ని తప్పించడం నేర్చుకోలేదేమని మేనేజరు ప్రతిసారీ చిరాకుపడేవాడు. నేను తలవంచుకుని, గోగుపురి చుట్టిన ఆ కర్ర తీసుకుని దిగేవాణ్ణి. వారం మొత్తంలో నా ఎడంచెయ్యి బయటికి వచ్చేది అక్కడొక్కచోటే.